శనివారం స్టార్ట్ కాని బండి

8 ఏప్రిల్ 2020, బుధవారం

ఈ డైరీ అత్తమ్మది. ఫిబ్రవరి చివర్లో హనుమకొండ నుంచి వస్తూ పచ్చడి సీసాల మధ్య పెట్టుకొచ్చింది. ఉపాధ్యాయ సంఘం వాళ్లు ఏటా పంచేది. మూడు నెలలు ఉండి పోదామని వచ్చిన మనిషి, విమానాలు ఆగిపోయి ఇక్కడ జర్మనీలోనే చిక్కుకుంది. నిన్న దీన్ని నా ముందు పెట్టి, "నాకిక్కడ రాసే పని లేదు బాబూ, నువ్వు రాసుకో. మనసులున్నది బయటికి రావాలె" అంది. నా మనసులో ఏమీ లేదని చెప్పాను. నిజంగానే లేదు.

ఆఫీసులో కుర్జార్బైట్ మొదలైంది, అంతే. వారానికి మూడు రోజులే పని. బుధ, గురు, శుక్రవారాలు బెడ్‌రూములో తలుపేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోవాలి. మిగతా నాలుగు రోజులు ఖాళీ. నా భార్య ప్రవీణకు మాత్రం హాల్లో రోజంతా పనే. పదిహేనేళ్లుగా జిండెల్ఫింగెన్‌లో కార్ల ఇంజన్లకు సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తున్నాను. ఇంజన్‌ను చేత్తో ముట్టుకున్నది ఒక్కసారే, అదీ ఫొటో కోసం.

ఖాళీ అంటే నాకు ఇష్టమే.

14 ఏప్రిల్, మంగళవారం

పెద్ద వార్త. కింది అంతస్తు హెర్ ఎబెర్లె తన పాత కారు నాకిస్తానన్నాడు. 1981 నాటి జపాన్ బండి, రోటరీ ఇంజన్. లోపల పిస్టన్లు ఉండవు, సమోసా ఆకారంలో రెండు రోటర్లు గిరగిరా తిరుగుతుంటాయి. ముప్పైతొమ్మిదేళ్లుగా ఆయనే నడిపాడు. ఇప్పుడు మోకాళ్లు వంగవు. జూలై ఆఖరుకు ఇల్లు ఖాళీ చేసి డ్రెస్డెన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు.

షరతు ఒకటి పెట్టాడు. జూలై ముప్పై ఒకటి లోపల బండి ట్యూఫ్ తనిఖీ పాసై రోడ్డెక్కాలి. పాసైతే నాది. కాకపోతే ఆయన మేనల్లుడు తీసుకుపోతాడు. ఆ మేనల్లుడు రోటరీని పీకి పక్కన పారేసి మామూలు ఇంజన్ పెడతాడట. ఆ మాట చెప్పేటప్పుడు ముసలాయన మాస్కు పైన కళ్లు చూడలేకపోయాను. వెంటనే సరేనన్నాను. తనిఖీ టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంట్ కోసం, ఆన్‌లైన్‌లో చూస్తే, ఉన్న ఒకే ఒక్క ఖాళీ జూలై 31, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటలకు. పట్టేశాను.

గ్యారేజీలో రెండు మీటర్ల దూరం నుంచి పాఠం చెప్పాడు. "ఒకటే గుర్తుపెట్టుకోండి హెర్ కమలాకర్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెంటనే ఎప్పుడూ ఆపవద్దు. వేడి చూపే సూది మధ్యకు వచ్చేదాకా నడవనివ్వాలి. లేకపోతే లోపల పెట్రోలు నిలిచిపోతుంది, ప్లగ్గులు తడుస్తాయి, మర్నాడు మొండికేస్తుంది." ఇంటికి రాగానే ఇక్కడ రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

సాయంత్రం అత్తమ్మ పూజ ప్రస్తావన తెచ్చింది. "కొత్త బండి ఇంటికొస్తే పూజ చెయ్యకుంట నడుపుతరా?"

"అది కొత్తది కాదు అత్తమ్మా, నాకంటే రెండేళ్లే చిన్నది. గ్యారేజీ నిండా పెట్రోలు వాసన, దీపాలూ కొబ్బరికాయలూ అంటే కుదరదు. చుట్టుపక్కల వాళ్లేమనుకుంటారు?"

"సరే" అంది. అత్తమ్మతో సరే అనిపించడం ఇంత తేలికని ప్రవీణ ఎప్పుడూ చెప్పలేదు.

18 ఏప్రిల్, శనివారం

స్టార్ట్ కాలేదు. మొన్న మంగళవారం బ్రహ్మాండంగా నడిచిన బండి. నాలుగు ప్లగ్గులూ తీసి చూస్తే తడిసి ముద్దయి ఉన్నాయి.

హెర్ ఎబెర్లె బాల్కనీలోంచి అడిగాడు, చల్లగా ఉండగా ఆపారా అని. లేదన్నాను, కాస్త గట్టిగానే. మంగళవారం సూది మధ్యకు వచ్చాక ఇంకో ఐదు నిమిషాలు ఆగి మరీ ఆపాను. "అయితే కార్బురేటరే" అన్నాడు ఆయన.

కార్బురేటరే.

20 ఏప్రిల్, సోమవారం

ప్లగ్గులు ఆరబెట్టి, నిన్న ఆదివారం కాబట్టి నోరు మూసుకుని (ఇక్కడ ఆదివారం శబ్దం చేస్తే బిల్డింగంతా చూస్తుంది), ఇవాళ బిగించాను. మూడోసారికి అందుకుంది. కార్బురేటర్ పైన స్క్రూ ఒకటి పావువంతు తిప్పాను. అదే పనిచేసినట్టుంది.

25 ఏప్రిల్, శనివారం

స్టార్ట్ కాలేదు. స్క్రూ కాదు.

టెస్టింగ్ వాణ్ని కదా, పద్ధతిగా వెళ్లాలి. ఒక పట్టిక ప్రింటు తీసి గ్యారేజీ గోడకు అతికించాను. తేదీ, ఉష్ణోగ్రత, తేమ, కార్బురేటర్ అద్దంలో కనిపించే పెట్రోలు మట్టం, ఫలితం, కారణం. చివరి గడికే అందరికంటే ఎక్కువ చోటిచ్చాను. 18వ తేదీకి 'స్క్రూ' అని రాసి, కొట్టేశాను. చూడటానికి మాత్రం పట్టిక ముచ్చటగా ఉంది. ప్రవీణ ఫొటో తీసి వాళ్ల చెల్లెలికి పంపింది. ఎందుకు నవ్వుకున్నారో తెలియదు.

2 మే, శనివారం

మూడోసారికి స్టార్ట్ అయింది.

నిన్న మే డే సెలవు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గ్యారేజీలోనే కూర్చుని కొత్త ప్లగ్గులు నాలుగూ బిగించాను. అత్తమ్మ రెండుసార్లు దిగి వచ్చి, నన్ను చూసి, చేతిసంచీ భుజానికి సర్దుకుని మళ్లీ పైకి వెళ్లిపోయింది. నడక కోసం కాబోలు. ఇవాళ పట్టికలో 'పాత ప్లగ్గులు' అని రాసి చుట్టూ గుండ్రం చుట్టాను. హెర్ ఎబెర్లె బాల్కనీలోంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. రాత్రి ప్రవీణకు రోటరీ ఇంజన్ ఎలా పనిచేస్తుందో గంటసేపు చెప్పాను. గంట అని ఆమే చెప్పింది.

9 మే, శనివారం

స్టార్ట్ కాలేదు. గుండ్రం కొట్టేశాను.

17 మే, ఆదివారం

నిన్న కూడా అంతే. ఇక మెత్తగా ఉంటే లాభం లేదని కార్బురేటర్ మొత్తం ఊడదీసి వంటింటి బల్ల మీద పేపరు పరిచి పెట్టాను. ఆదివారం కాబట్టి చప్పుడు లేని పని ఇదొక్కటే.

అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి కూర్చుంది. ఒక్కొక్క ముక్కా చూసి, "ఇది ఫ్లోటు. ఇది నీడిల్. ఇది సరిగ మూసుకోకుంటే పెట్రోలు పొంగిపోతది" అంది.

నేను ఆమె మొహంలోకి చూశాను.

"మా ఆఫీసు జీపుకు గూడ ఇట్లనే ఉండె. డ్రైవరు ఐలయ్య ఎప్పుడు చూసినా సెలవు మీదనే ఉంటుండె. ఊర్లల్ల బడులు తనిఖీ చెయ్యాలంటే ఎట్ల మరి? నేనే నేర్చుకున్న. చోక్ గుంజుడు, చూసుకుంట చూసుకుంట లోపలికి నూకుడు. అంతే గద."

అత్తమ్మ పేరు శ్యామలాదేవి. మండల విద్యాధికారిగా రిటైరైంది. అంతకుముందు ముప్పై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్. ఈ ముక్కలన్నీ పెళ్లి నాటి నుంచీ తెలుసు. జీపు సంగతి మాత్రం పన్నెండేళ్లలో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

ఫ్లోట్ నీడిల్ కొత్తది ఆర్డర్ చేశాను. దొంగ అదే. అత్తమ్మ ఈ కారుకు విసుర్రాయి అని పేరు పెట్టింది, లోపల తిరుగుడే కదా అని. పేరు బాగుంది.

23 మే, శనివారం

స్టార్ట్ కాలేదు. నీడిల్ ఇంకా రాలేదు కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

30 మే, శనివారం

నీడిల్ వచ్చింది, వేశాను, సోమవారం నుంచి గురువారం దాకా వెన్నలా నడిచింది. ఇవాళ స్టార్ట్ కాలేదు.

ఇంకో సమస్య. బానెట్ ముందు భాగంలో తుప్పు మొదలైంది. ఎర్రగా చిన్న చుక్క. గుడ్డతో తుడిస్తే పోయింది. పోయినవారం కూడా సరిగ్గా అక్కడే తుడిచినట్టు గుర్తు. తుప్పు లోపలి నుంచి వస్తుంటే మంచిది కాదు.

6 జూన్, శనివారం

స్టార్ట్ కాలేదు. తుప్పు మళ్లీ వచ్చింది.

ప్రవీణ ఫ్రిజ్ తెరిచి, "కమల్, నిమ్మకాయలన్నీ ఏమైతున్నయి? మొన్ననే నెట్టు సంచి తెచ్చిన" అంది. నాకేం తెలుసు. అత్తమ్మ పచ్చడి పెడుతోందేమో. అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

13 జూన్, శనివారం

హెర్ ఎబెర్లె మేనల్లుడు వచ్చాడు. నా వైపు చూడకుండా టేపుతో ఇంజన్ చుట్టూ కొలతలు తీసుకున్నాడు. స్టార్ట్ చేసి చూపించమన్నాడు. శనివారం. అవ్వలేదు. గోడ మీది పట్టిక చదివి, ఫోన్లో దాని ఫొటో తీసుకున్నాడు. జర్మన్లు కూడా ప్రవీణ చెల్లెలిలాగే నవ్వుతారని తెలిసింది.

వాడు వెళ్లాక హెర్ ఎబెర్లె చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. "మొండిది. కానీ దీని చప్పుడు వేరే బండికి రాదు" అన్నాడు.

పట్టిక చూస్తుంటే ఒకటి తట్టింది. ఆగిపోయిన రోజులన్నీ శనివారాలే. శనివారానికీ కార్బురేటర్‌కూ ఏమిటి సంబంధం? శుక్రవారం ఫ్యాక్టరీ సగం మూస్తారు, గాలి మారుతుంది. తేమ. వాక్యూమ్ పైపులు తేమకు వదులవుతాయి. ఇది మంచి సిద్ధాంతం. పైపులు పదకొండు. అన్నీ మారుస్తాను.

4 జూలై, శనివారం

పైపులన్నీ మార్చాను. స్టార్ట్ కాలేదు.

నిన్న శుక్రవారం మీటింగులో మా మేనేజరు చెప్పాడు, సెప్టెంబరు నుంచి టీమ్‌లో సగం మందికి వేరే పని చూస్తారట. నేను ఏ సగంలో ఉన్నానో చెప్పలేదు. నాకేం దిగులు లేదు. పదిహేనేళ్ల అనుభవం ఉంది. పాత కార్బురేటర్ మూడుసార్లు విప్పి బిగించగలను.

రాత్రి భోజనాల దగ్గర అత్తమ్మ అడిగింది, "ఏమన్నది బాబూ, విసుర్రాయి?" అని. ఏమీ అనలేదన్నాను. ఇంకో గరిటె పప్పు వేసింది. వద్దన్నా వేసింది.

11 జూలై, శనివారం

స్టార్ట్ కాలేదు. ఇంకా ఇరవై రోజులు.

17 జూలై, శుక్రవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ప్రతి శుక్రవారం పది నుంచి పన్నెండు దాకా మా పెద్ద మీటింగు. ఇవాళ మేనేజరుకు ఇంటర్నెట్ పోయి, పదిన్నరకే రద్దయింది. హెడ్‌సెట్ తీసేసి, పదకొండు అవుతుండగా చెత్త పడేద్దామని కిందికి దిగాను. బయోమ్యూల్, అంటే తడిచెత్త, డబ్బా మూత ఎత్తుతుండగా మా బండి ఉన్న మూడో నంబరు గ్యారేజీ తలుపు తెరిచి ఉండటం కనిపించింది. దొంగ అనుకుని డబ్బాల వెనక్కి జరిగాను.

అత్తమ్మ. పట్టుచీర, మాస్కు, చేతిసంచీ. బానెట్ ముందు నిలబడి వేలితో కుంకుమ బొట్టు పెడుతోంది. రెండు నెలలుగా నేను తుడుస్తున్న తుప్పు అదే. సంచీలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి, వంగి, ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టింది. దీపం లేదు, కొబ్బరికాయ లేదు. నేను వద్దన్నవేవీ లేవు. చేతులు జోడించి గట్టిగానే మొక్కుకుంది, ఎవరూ లేరు కదా అని.

"స్వామీ, పిల్లగాడు నాలుగు నెలలాయె పని లేక కుమిలిపోతున్నడు, చెప్పడు. వాని చేతుల మీదుగ ఈ ఒక్క బండి నడవనియ్యి. వాని చేతికి పేరు రావాలె."

తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుంది. చోక్ లాగింది. తాళం తిప్పింది. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. నేను ముట్టిస్తే మూడు సార్లకు గానీ అందుకోని ఇంజన్. బండి ఒక మీటరు ముందుకు జరిగి నిమ్మకాయలు తొక్కింది, మళ్లీ మీటరు వెనక్కి వచ్చి ఉన్నచోటే నిలబడింది. గీత గీసినట్టు నిలబెట్టింది. టక్కున ఆపేసింది.

చల్లటి ఇంజన్. ఇరవై సెకన్లు. చోక్ పూర్తిగా లాగి.

అత్తమ్మ చిన్న చీపురుతో నిమ్మతొక్కలు ఊడ్చి, కవర్లో వేసుకుని, తలుపు మూసి, నా పక్కనుంచే మెట్లెక్కి పోయింది. నేను ఇంకో పది నిమిషాలు చెత్తడబ్బాల వెనకే ఉన్నాను.

బండికి ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. స్క్రూ, ప్లగ్గులు, నీడిల్, పదకొండు పైపులు, ఏదీ కాదు. మే డే నాడు నేను రోజంతా అక్కడే ఉన్నాను కాబట్టి పూజ జరగలేదు, మర్నాడు బండి కదిలింది. ప్రతి శుక్రవారం అత్తమ్మ నా కోసం మొక్కడం, ప్రతి శనివారం ఆ మొక్కు వల్లే బండి ఆగిపోవడం, నేను కార్బురేటర్ విప్పడం. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ మొక్కిన మాటలు గుర్తొచ్చాయి. కుమిలిపోతున్నానని ఈవిడకెలా తెలుసు? నాకే తెలియదు.

18 జూలై, శనివారం

స్టార్ట్ కాలేదు. కారణం గడి ఖాళీగా వదిలేశాను.

ప్రవీణను అడిగితే అంతా తెలుసంది. తాళం తీసిచ్చింది ఆమే. "నువ్వు వద్దన్నవని అమ్మ ఎంత చిన్నబోయిందో తెలుసా? నిమిషం పని, బండికేమైతది అనుకున్న" అంది. బండికేమవుతుందో చెప్పాను. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత, "అమ్మకు చెప్పకు" అంది.

చెప్పకపోతే ఎలా? ముప్పై ఒకటో తేదీ శుక్రవారం. పదకొండింటికి నిమ్మకాయలు, రెండింటికి ట్యూఫ్. అవాళైతే అత్తమ్మ ఒకటికి రెండుసార్లు తొక్కిస్తుంది.

20 జూలై, సోమవారం

చెప్పాను. నేరుగా కాదు. మధ్యాహ్నం అన్నం తింటూ ప్రవీణతో అన్నట్టుగా, "ఈ ఇంజన్‌ను చల్లగా స్టార్ట్ చేసి వెంటనే ఆపకూడదని హెర్ ఎబెర్లె మొదటిరోజే చెప్పాడు, ఆపితే పెట్రోలు నిలిచిపోయి మర్నాడు అందుకోదు" అన్నాను. మంచి తెలివైన పద్ధతి అనుకున్నాను.

అత్తమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.  సాయంత్రం నడకకు వెళ్లొస్తానని కిందికి దిగి, చాలాసేపటికి వచ్చింది.

24 జూలై, శుక్రవారం

పదకొండింటికి మీటింగులో ఉండి కూడా చెవులు అటే పెట్టాను. అత్తమ్మ తన గదిలోంచి బయటికి రాలేదు.

25 జూలై, శనివారం

స్టార్ట్ అయింది. మూడోసారికి. సూది మధ్యకు వచ్చింది, చప్పుడు తుమ్మెదలా ఉంది, హెర్ ఎబెర్లె బాల్కనీలో చప్పట్లు కొట్టాడు. మూడు నెలలు ఎదురుచూసిన శనివారం ఇదే.

పట్టికలో రాద్దామని గోడ వైపు తిరిగాను. కారణం గడుల్లో నా రాతలన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి. స్కేలు పెట్టి కొట్టినట్టు, తిన్నగా. స్క్రూ, ప్లగ్గులు, నీడిల్, తేమ, పైపులు. ఒక్కోదాని పక్కన గుండ్రటి అక్షరాలతో 'శ్యామలాదేవి' అని ఉంది. లెక్కపెట్టాను. పదమూడు శనివారాలు, పదమూడు సంతకాలు. నేను ఖాళీగా వదిలిన పద్దెనిమిదో తేదీ పక్కన కూడా.

ఇంజన్ నడుస్తూనే ఉంది. నాకు కొంచెం కూడా సంతోషం కలగలేదు.

27 జూలై, సోమవారం

అత్తమ్మ బండి మాట ఎత్తడం లేదు. విసుర్రాయి అనడం లేదు. కారు అంటోంది.

వంటింట్లో దొరకబుచ్చుకుని, "అత్తమ్మా, మీరు తప్పేం చేయలేదు" అన్నాను.

"చేసిన. రాసిన గద. తప్పు చేసినోళ్లు ఒప్పుకోవాలని పిల్లలకు ముప్పై ఏండ్లు చెప్పి, నా దగ్గరికొచ్చేటాళ్లకు దాస్తనా?" అని బెండకాయలు కోసుకుంటూ, "నువ్వు వద్దని చెప్పినంక గూడ చేసిన. నీకు పేరు రావాలనుకున్న, నేనే అడ్డం పడ్డ" అంది.

గొంతు మామూలుగానే ఉంది. బెండకాయలు మాత్రం మరీ సన్నగా కోసింది.

30 జూలై, గురువారం

రేపే. బండి పాసవుతుందా లేదా అని కాదు ఇప్పుడు దిగులు. దిగులు అని రాశాను. సరే, ఉండనీ.

31 జూలై, శుక్రవారం

పొద్దున్నే ఆఫీసుకు సెలవు మెయిల్ పెట్టి, ఫ్రిజ్‌లోంచి నాలుగు నిమ్మకాయలు తీసి అత్తమ్మ ముందు బల్ల మీద పెట్టాను.

"ఇవి ఎందుకు?"

"ట్యూఫ్‌కు ఇంజన్ బాగా వేడెక్కి రావాలంటారు. ఎవరో ఒకరు ముట్టించాలి. నేను ముట్టిస్తే మూడు సార్లకు గానీ అందుకోదు. మీరు ముట్టిస్తే ఒక్కసారికే."

"నేను తాళం పట్ట బాబూ." తర్వాత తలెత్తింది. "ఒక్కసారికే అందుకుంటదని నీకెట్ల తెలుసు?"

ఇక దాచేదేముంది. "పదిహేడో తారీఖున చూశాను. చెత్తడబ్బాల వెనక నుంచి."

అత్తమ్మ నా వైపు కాసేపు చూసింది. "చెత్తడబ్బాల వెనకనా?"

"బయోమ్యూల్ వెనక."

ముందు పెదాలు బిగపట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. ప్రవీణ హాల్లోంచి మీటింగు మ్యూట్ చేసి పరుగెత్తుకొచ్చింది. "అల్లుడు చెత్తడబ్బాల వెనక, అత్త గ్యారేజీల. ఇద్దరికిద్దరం దొంగలమే" అని కళ్లు తుడుచుకుంది. లేచి పట్టుచీర కట్టుకోవడానికి వెళ్లింది.

ఒంటిగంటకు ఈసారి తలుపు బార్లా తెరిచి పూజ చేసింది. హెర్ ఎబెర్లె రెండు మీటర్ల అవతల టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కుంకుమ, నాలుగు నిమ్మకాయలు. అత్తమ్మ చోక్ లాగింది, తిప్పింది, ఒక్కసారికే అందుకుంది. మీటరు ముందుకు. నిమ్మకాయలు నలిగాయి. అలవాటు కొద్దీ తాళం మీదికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వేలు కూడా కదపకుండా సూది మధ్యకు వచ్చేదాకా కూర్చుంది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ గడియారాన్ని చూసినట్టు చూసింది. తర్వాత దిగి పక్క సీట్లోకి మారింది, నేను నడిపాను.

ట్యూఫ్ దగ్గర లోపలికి ఒక్కరినే రానిచ్చారు, అత్తమ్మ షెడ్డు గుమ్మం బయట నిలబడింది. ఇన్‌స్పెక్టరు బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, పొగ చూసి తలూపాడు. బండిని పైకెత్తి చక్రాల కింద టార్చి వేసి ఒక్కసారి ఆగాడు. టైరు గాడిలోంచి వేలితో ఏదో తీసి, వాసన చూసి, నా వైపు చూపించాడు. నిమ్మతొక్క.

నాకు జర్మన్ మొత్తం మరిచిపోయినట్టయింది. గుమ్మం బయటి నుంచి మాస్కులోంచే గట్టిగా, హెడ్‌మిస్ట్రెస్ ఇంగ్లీషులో జవాబు వచ్చింది.

"మెయింటెనెన్స్. ఎవ్రీ ఫ్రైడే."

ఆయన పట్టుచీర వైపు, బానెట్ మీది కుంకుమ వైపు చూశాడు. "చాలా మంచిది. బండి బాగుంది" అని స్టిక్కరు అంటించాడు.

ఇంటికొచ్చేసరికి హెర్ ఎబెర్లె రోడ్డు మీదే ఉన్నాడు. స్టిక్కరును వేలితో తడిమి చూశాడు. అత్తమ్మ దిగాక, ఆపవద్దని సైగ చేసి పక్క సీట్లో కూర్చున్నాడు. మాస్కులు పెట్టుకుని, కిటికీలన్నీ దించి, ఊరంతా తిప్పాను. వాళ్ల మేనల్లుడి ఇంటి ముందు నుంచి కూడా. అది ఆయన కోరికే, నాది కాదు.

14 ఆగస్టు, శుక్రవారం

అత్తమ్మను ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం ఎక్కించి వచ్చాము. విసుర్రాయిలోనే తీసుకెళ్లాము. దారంతా ప్రవీణ ఏడ్చింది, అత్తమ్మ చోక్ గురించి చెప్పింది. లోపలికి వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుని అరచేయి తిప్పి చూసింది. గోళ్లలో గ్రీజు ఉంది. "ఇప్పుడు ఇంజనీరు చెయ్యి లెక్కున్నది" అంది.

ఆఫీసు సంగతి ఇంకా తేలలేదు. భయంగానే ఉంది. రాస్తే ఏమీ కాలేదు.

22 ఆగస్టు, శనివారం

స్టార్ట్ కాలేదు.

నిన్న పదకొండింటికి ఇల్లు బోసిగా అనిపించి, మీటింగులో మైక్ మ్యూట్ చేసి, నాలుగు నిమ్మకాయలు తీసుకుని కిందికి దిగాను. కుంకుమ పెట్టాను. చోక్ లాగాను, నాకు కూడా ఒక్కసారికే అందుకుంది. మీటరు ముందుకు. నిమ్మకాయలు నలిగాయి. ఇంతలో చెవిలోని హెడ్‌సెట్‌లో మేనేజరు నా పేరు పిలిచాడు. కంగారులో టక్కున ఆపేసి పైకి పరుగెత్తాను. మీటింగు సంగతి నిజంగానే మరిచిపోయాను. నా డైరీలో నేనే అబద్ధం ఎందుకు రాసుకుంటాను.

ప్లగ్గులు తడిసి ముద్దయ్యాయి. పట్టికలో కొత్త వరుస గీసి, ఎర్ర పెన్ను వెతికి, కారణం గడిలో 'కమలాకర్' అని రాశాను. ఎర్ర సంతకాలున్న పద్నాలుగు వరుసలూ కనపడేలా ఫొటో తీసి అత్తమ్మకు పంపాను.

అరగంటకు వాట్సాప్‌లో గొంతు వచ్చింది. ముందు కొంతసేపు నవ్వే. తర్వాత, "ప్లగ్గులు తీసి ఎండకు పెట్టు బాబూ, సోమవారం దాకా ముట్టకు. కారణం కరెక్టుగ రాసినవ్. పదికి ఎనిమిది. రాత బాలేదు, రెండు కట్."